ముప్పై రెండు సున్నాలు

ముప్పై నాలుగు మంది పిల్లలున్న తరగతిలో ముప్పై రెండు మంది ఒక లెక్కకు సరైన జవాబు రాశారు. ఆ ముప్పై రెండు మందికీ సున్నా వేశారు. మిగిలిన ఇద్దరు రాసిందీ సరైనదే, వాళ్లకు మాత్రం మార్కు వచ్చింది. ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు. రెండేళ్లయినా నాకు మాత్రం నవ్వు రావడం లేదు.

అప్పుడు మేం కోదాడలో ఉండేవాళ్లం. నేనూ మా ఆయన భాస్కరూ ఒకే ప్రైవేటు స్కూల్లో పనిచేసేవాళ్లం. నేను నాలుగో తరగతి బి సెక్షనుకు లెక్కలు చెప్పేదాన్ని. ఆయన స్కూలు బస్సులు చూసుకునేవాడు. ఏ డ్రైవరు రాలేదు, గరిడేపల్లి దారిలో వాగు పొంగితే బస్సు ఎటు తిప్పాలి, అంతా ఆయన నెత్తి మీదే. ఆ స్కూలుకు సూర్యాపేటలో, మిర్యాలగూడలో కూడా బ్రాంచీలున్నాయి. ఏ రోజు ఏ పాఠం చెప్పాలో, పరీక్షలో ఏం అడగాలో, దానికి ఏ జవాబు రైటో, అన్నీ హైదరాబాదు హెడ్డాఫీసు నుంచి వచ్చేవి. మూడు ఊళ్ల టీచర్లం ఒకే రోజు ఒకే పేజీ తిప్పాలి.

జూలైలో, ముసురు పట్టిన ఒక ఉదయం, సమాన భిన్నాలు మొదలుపెట్టాను. డిజిటల్ బోర్డు మీద రూలు కనిపించింది. పైనా కిందా ఒకే అంకెతో గుణిస్తే సమాన భిన్నం వస్తుంది. పిల్లలు మూడుసార్లు గట్టిగా చదివారు. రెండో బెంచీలోంచి వర్షిణి చెయ్యెత్తింది. వర్షిణి మా స్కూల్లో ఆయాగా చేసే తిరుపతమ్మ కూతురు. పనిచేసేవాళ్ల పిల్లలకిచ్చే ఫ్రీ సీటులో చదువుకునేది.

"టీచర్, వన్ బై టూని టూతోని ఇంటూ జేస్తే టూ బై ఫోర్ అయింది. ఇంటూ జేసినంక పెద్దగ గావాలె గదా. మరి సమానం ఎట్లయితది?"

నాకు తెలిసిన జవాబు తొమ్మిదేళ్ల పిల్లకు పనికొచ్చేది కాదు. "రూలు అంతే" అన్నాను. వర్షిణి కూర్చుంది, కానీ ఆ పిల్ల కళ్లు నా మీదే ఉన్నాయి. ఎనిమిదేళ్లుగా ఆ పాఠం చెబుతున్నాను. ఎవరూ అడగలేదు గనక నాకు వచ్చనే అనుకున్నాను.

ఇంటికొచ్చి అన్నం వడ్డిస్తూ ఆ మాట చెప్పాను. మా అత్తమ్మ కృష్ణమ్మ పాలకీడు దగ్గర పొలాల్లో బతికిన మనిషి. బడి మెట్టెక్కలేదు. విని ముక్కున వేలేసుకుంది.

"గీ మాత్రం దానికి గింత పరేషానా? మానికెడు బియ్యం తవ్వతోటి పోస్తె రెండుసార్లు. సోలతోటి పోస్తె నాలుగుసార్లు. నాలుగుసార్లు పోసినం గదా అని బియ్యం పెరిగినయా?"

గరిటె గిన్నెలో వదిలేసి, ఆ మాట మళ్లీ చెప్పమని అత్తమ్మను అడిగాను.

ఆ ఆదివారం అత్తమ్మ ట్రంకుపెట్టెలో దాచిన పాత పెళ్లికార్డులన్నీ నడింట్లోకి వచ్చాయి. గట్టి అట్టలు. దేవుడి బొమ్మలున్నాయని ఆమె ఇన్నేళ్లూ పారేయలేదు. "వినాయకుడున్న దిక్కు కత్తెర పెట్టకు బిడ్డా" అని పక్కన కాపలా కూర్చుంది. చిన్న స్టీలు పళ్లెం బోర్లించి గుండ్రాలు గీశాను. భాస్కర్ చెప్పుల షాపు నుంచి ఖాళీ డబ్బాలు తెచ్చి, బ్లేడుతో మూతల్లో గుండ్రంగా గుంటలు కోశాడు. ఏడు మూతల్లో సగం గుండ్రం ఖాళీ, విడి మూతల్లో మూడోవంతు, ముప్పావు ఖాళీలు. ఆ ఖాళీల్లో పట్టే ముక్కలు వేరే కవర్లలో: సగాలు, మూడోవంతులు, పావులు, ఆరోవంతులు, ఎనిమిదోవంతులు, పన్నెండోవంతులు. వాటిలో ఐదోవంతు ముక్కలు కొన్ని కావాలనే కలిపాను. సగం ఖాళీలో అవి రెండు పెడితే సందు మిగులుతుంది, మూడు పెడితే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఎలా తిప్పినా పట్టవు.

"గవి దొంగముక్కలు" అన్నాడు భాస్కర్. ఆ సాయంత్రం ఆయన నాకంటే ఎక్కువసేపు ఆ డబ్బాలతో ఆడాడు.

సోమవారం తరగతిలో ఏడు డబ్బాలు పంచాను. ఖాళీని నింపాలి, సందు ఉండకూడదు, అన్నీ ఒకే సైజు ముక్కలు కావాలి, పక్క గుంపు వాడిన సైజు మళ్లీ వాడకూడదు. ఇవే షరతులు. పది నిమిషాలు తరగతి చేపల బజారులా అయింది. ఒక గుంపు సగాన్ని రెండు పావులతో నింపింది. ఇంకో గుంపు మూడు ఆరోవంతులతో, మరొకరు నాలుగు ఎనిమిదోవంతులతో నింపారు. దొంగముక్కలు దొరికిన గుంపు ముందు ఒకళ్లనొకళ్లు తిట్టుకుంది, తర్వాత "టీచర్, దీన్ని ఎట్ల బెట్టినా పట్టదు, మేం రాసిస్తం" అని సవాలు చేసింది. వర్షిణి మాత్రం డబ్బా మీదకు వంగి నాలుగు ముక్కలు తీసి రెండు పెట్టింది, రెండు తీసి మూడు పెట్టింది. చివరికి తల ఎత్తింది.

"పేర్లే వేరు టీచర్. జాగా ఒకటే."

నీళ్ల బిందెతో వాకిట్లో నిలబడ్డ తిరుపతమ్మ కూతురి వైపు చూసి, ఎవరూ గమనించకముందే వెళ్లిపోయింది. ఆ నెలంతా పిల్లలు రంగురంగుల చీటీల మీద జవాబులు రాసుకుని తెచ్చేవాళ్లు. మూడోవంతుకు సమానమైనవి ఎన్ని ఉన్నాయని పందెం వేసుకునేవాళ్లు. అంతం లేదని తెలిసిన రోజు ఒక పిల్ల ఏడ్చినంత పని చేసింది, పందెం ఎవరూ గెలవలేరని.

ఆగస్టు చివర్లో పరీక్ష వచ్చింది. పెట్టెల్లో అంకెలు రాయాలి, కాగితాలను మిషను దిద్దుతుంది. నాలుగు రోజులకు ఫలితాలు వాట్సాప్ గ్రూపులో పడ్డాయి. మిర్యాలగూడ ఫస్టు, సూర్యాపేట సెకండు, కోదాడ ఎ సెక్షను థర్డు. అన్నిటికీ అడుగున, ఎర్ర రంగులో, మా బి సెక్షను.

కాగితాలు అడిగి తెప్పించుకుని స్టాఫ్ రూములో పరిచాను. ఏడో ప్రశ్నలో ఎనిమిది గళ్ల బొమ్మ, నాలుగు గళ్లకు రంగు వేసి ఉంది. రంగు వేసిన భాగమెంత? మా పిల్లల్లో ఇరవై తొమ్మిది మంది 1/2 అని రాశారు. ముగ్గురు 2/4 అన్నారు. హెడ్డాఫీసు పంపిన జవాబుల కీలో ఉన్నది 4/8. ఎనిమిదో ప్రశ్న: మూడోవంతుకు సమానమైన భిన్నం ఒకటి రాయండి. కీలో 2/6. మా వాళ్లు 3/9 రాశారు, 4/12 రాశారు, 5/15 రాశారు. వర్షిణి 100/300 రాసింది. అన్నీ సున్నాలు. ఏదో ఒకటి రాయమని అడిగి, తమకు తోచిన ఒక్కటే రైటని ముందే తేల్చుకున్నారు. అలాంటి ప్రశ్నలు ఇంకో ఆరున్నాయి. ఒక్కో కాగితం తిప్పుతుంటే నా చెవులు వేడెక్కాయి.

ప్రిన్సిపాల్ మధు గారిది జగ్గయ్యపేట వైపు. ఒకప్పుడు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పిన మనిషి. కాగితాలు ఆయన బల్ల మీద పెట్టాను. కళ్లద్దాలు సర్దుకుని రెండు పేజీలు చూశాడు.

"పిల్లలు రాసింది కరెక్టేనండీ."

"మరి మార్కులు సార్?"

"కీ మన చేతిలో లేదు కదమ్మా. మిషను ఒక్క జవాబే తీసుకుంటుంది. పైవాళ్లకు మెయిల్ పెడతాలెండి."

ఆ మెయిల్ పెట్టాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. వారానికి జవాబు రాలేదు, వంశీ వచ్చాడు. వంశీ సూర్యాపేటలో కూర్చునే అకడమిక్ కోఆర్డినేటరు. ఇరవై ఆరేళ్లుంటాయి. చేతిలో ట్యాబు, మెడలో కార్డు. నేరుగా నా తరగతిలోకి వచ్చి, నన్ను పక్కకు జరగమని సైగ చేసి, పిల్లలతో మాట్లాడాడు.

"మీ టీచర్ మిమ్మల్ని కన్ఫ్యూజ్ చేసింది. ఎగ్జామ్‌ల బొమ్మ ఎట్లుంటే అట్ల లెక్కపెట్టి రాయాలె. ఎనిమిదిల నాలుగు, ఫోర్ బై ఎయిట్. ఓకే?"

ముప్పై నాలుగు ముఖాలు నా వైపు తిరిగాయి. నేను ఏం మాట్లాడలేదు. అది నా మొదటి తప్పు.

వర్షిణి లేచింది. "సార్, నా హండ్రెడ్ బై త్రీ హండ్రెడ్ గుడ తప్పేనా?"

"అది ఆటలాడుడు."

"ఆట గాదు సార్. లెక్క జేసిన. వంద మూడుసార్లయితె మూడొందలు."

"నిలబడు" అన్నాడు వంశీ. బెల్లు కొట్టేదాకా ఆ పిల్ల నిలబడే ఉంది. తల మాత్రం దించలేదు.

వెళ్తూ వెళ్తూ మూడు పనులు పురమాయించాడు. డబ్బాలు స్టోర్ రూములో పెట్టాలి. పిల్లలతో 4/8 అని యాభైసార్లు రాయించాలి. నోటుబుక్కుల్లో నేను రైటు కొట్టిన వేరే జవాబులన్నిటినీ ఎర్ర పెన్నుతో కొట్టేసి, కీ జవాబు రాయాలి, తల్లిదండ్రులు చూసి గందరగోళపడకుండా.

ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో కూర్చుని పదకొండు నోటుబుక్కుల్లో నా చేత్తో నేనే తప్పు కొట్టాను. ఇది చెప్పకుండా దాటేస్తే మిగతాదేదీ చెప్పే హక్కు నాకు ఉండదు. పదకొండు మంది పిల్లలు నమ్మి రాసుకున్న నిజం మీద ఇంటూ గుర్తు పెట్టాను. పన్నెండోది వర్షిణిది. అందులో నేను పెట్టిన రైటు మార్కు పక్కన ఆ పిల్ల చిన్న నవ్వు మొహం గీసుకుంది. పెన్ను మూత పెట్టేశాను. మిగతా పుస్తకాలు అలాగే కట్టగట్టి బీరువాలో పెట్టి ఇంటికొచ్చాను.

మరుసటి రోజు ఆఫీసుకు పిలిచి నా చేతిలో ఒక కాగితం పెట్టారు. టైపు చేసి సిద్ధంగా ఉంది. నా బోధనలో జరిగిన పొరపాటు వల్ల విద్యార్థులు మార్కులు కోల్పోయారని, చింతిస్తున్నానని, ఇకమీదట ఇచ్చిన పద్ధతినే పాటిస్తానని. శనివారం పేరెంట్స్ మీటింగులో చదివి సంతకం చేయాలి. అదే రోజు తిరుపతమ్మను కూడా పిలిచారు. ఫ్రీ సీటులో ఉన్న పిల్లలకు డెబ్బై అయిదు శాతం రావాలనేది రూలు. వర్షిణికి డెబ్బై ఒకటి వచ్చింది. దసరా లోపు టీసీ తీసుకుపొమ్మన్నారు. ఆ పిల్ల రాసిన సరైన జవాబులకు మార్కులు వేసి ఉంటే తొంభై దాటేది. నేను రెండుసార్లు కూడి చూశాను.

ఇంటికొచ్చేసరికి భాస్కర్‌కు అన్నీ తెలిసిపోయాయి. మధు గారే పిలిచి, మీ మేడమ్‌కు కొంచెం నచ్చజెప్పండి అన్నాడట.

"ఒక్క కాగితమే గదా, రచనా. చదివి సంతకం బెట్టు. నాలుగు రోజులైతె అందరు మర్సిపోతరు."

"పిల్లలు మర్సిపోతరా?"

"అందరికంటె ముందు పిల్లలే మర్సిపోతరు."

"నేను తప్పు జెప్పిన్నా? ఆ ముక్కలు నువ్వు గుడ కోసినవ్ గదా. నువ్వు జెప్పు, తప్పు జెప్పిన్నా?"

"తప్పు జెప్పినవని నేనంటున్ననా?" ఆయన గొంతు పెరిగింది. "ఇద్దరం గాడనే పనిచేస్తున్నం. నిన్ను తీసేస్తె నన్ను ఉంచుతరా? గిది జర ఆలోచించు."

అత్తమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపింది. "భాస్కరా, తవ్వెడు బియ్యం అర మానిక గాదని సంతకం బెట్టుమంటె నేను పెడ్తనారా?"

"అమ్మా, నీకు తెల్వది ఊకో."

"నాకు తెల్వదా? కల్లాల కాడ కొలిచి కొలిచి నా చేతులు అరిగినయ్. నా ముంగట ఒక్కడు తప్పు కొలత వోస్తె ఊకున్ననా ఎప్పుడన్న?"

భాస్కర్ అన్నం ముందు నుంచి లేచి బయటికి వెళ్లాడు. మా పెళ్లయిన ఏడేళ్లలో ఆయన పళ్లెం ముందు నుంచి అలా లేవడం అదే మొదటిసారి. నాకు ఆయన మీద కోపం రాలేదంటే అబద్ధం. చాలా వచ్చింది. కానీ ఆయన భయపడ్డది మా ఇద్దరి కోసమేనని కూడా తెలుసు, అందుకే ఆ కోపం ఎటు పెట్టుకోవాలో తెలియలేదు.

శనివారం మధ్యాహ్నం హాలు నిండింది. ఎరువుల షాపు వాళ్లు, రైతులు, ఆటో నడిపేవాళ్లు, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులు. కాగితం నా చేతిలో ఉంది. నా పేరు పిలిచారు. లేచి ముందుకు వెళ్తుంటే చూశాను, బల్లల మీద ఏడు డబ్బాలున్నాయి. స్టోర్ రూము తాళం తిరుపతమ్మ దగ్గరే ఉంటుంది. ఆమె గోడ పక్కన నీళ్ల గ్లాసుల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. నేను దాటుతుంటే "నేనే తెచ్చిన టీచర్" అంది, పెదవులు కదలకుండా.

కాగితం మడిచి బల్ల మీద పెట్టాను. "ముందు ఒక పని చేయండి. మీ ముందున్న డబ్బాలో సగం ఖాళీ ఉంది. కవర్లో ముక్కలతో దాన్ని నింపండి. ఎట్ల నింపినా సరే."

వంశీ లేవబోయాడు. అప్పటికే చేతులు డబ్బాల్లోకి వెళ్లిపోయాయి. తల్లులు నవ్వుకుంటూ, తండ్రులు పంతాలకు పోతూ నింపారు. దొంగముక్కలతో కుస్తీ పట్టిన ఒకాయన "గిదెవడు కోసిండు" అని చిరాకు పడ్డాడు. ఐదు నిమిషాల్లో అందరి ఖాళీలూ నిండాయి. అప్పుడు చెప్పాను. మీరు రెండు ముక్కలతో నింపారు, మీరు మూడింటితో, మీరు నాలుగింటితో. అన్నీ సగమే. మీ పిల్లలు పరీక్షలో రాసింది ఇదే. దీనికి సున్నా వేశారు.

హాల్లో గుసగుసలు లేచాయి. నా గుండె కొంచెం తేలికపడింది. అప్పుడు గరిడేపల్లి నుంచి వచ్చిన ఒక రైతు లేచాడు. మర్యాదస్తుడు, తెల్లచొక్కా.

"టీచరమ్మా, మీరు జెప్పింది నిజమే. మాకు సమజయింది. కానీ కీల ఏముంటె గదే నేర్పరాదుండ్రి? రేపు పెద్ద పరీక్షలల్ల గుడ మిషనే గదా దిద్దేది."

చాలా తలలు ఊగాయి. వంశీ మొహంలో సన్నటి నవ్వు మొలిచింది. హెడ్డాఫీసు మీద, మధు గారి మీద వచ్చిన కోపం ఒక ఎత్తు. ఆ ఊగిన తలల్ని చూసి వచ్చింది ఇంకో ఎత్తు. ఇప్పుడే తమ చేతులతో నింపి చూశారు. అయినా తమ చేతుల కంటే మిషను మాటే నమ్ముతున్నారు.

"రేపు మిషను రెండు రెండ్లు అయిదంటే అదే నేర్పమంటారా?" అన్నాను. కొందరు నేల చూశారు.

అప్పుడు తిరుపతమ్మ పళ్లెం కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, మధు గారి ముందుకు వచ్చి నిలబడింది.

"సార్, నాకు సదువు రాదు. ఒక్క మాట అడుగుత. నా బిడ్డ రాసింది రైటా, తప్పా?"

"ఇక్కడ విషయం అది కాదు తిరుపతమ్మా. పద్ధతి అని ఒకటి..."

"నాకు గదే విషయం సార్. రైటా, తప్పా? గంతే జెప్పుండ్రి."

మధు గారు కళ్లద్దాలు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"రైటేనమ్మా." ముందు రెండు వరుసలకే వినపడింది.

"మరి టీసీ ఎందుకు తీస్కపొమ్మన్నరు?"

వంశీ లేచి, వరండాలో టీ, బిస్కెట్లు ఉన్నాయని ప్రకటించాడు. అందరూ వెళ్లారు. ఒక్కరు కూడా ఆగలేదు. ఆ రోజు నాకు బాగా గుర్తున్నది అదే, టీ కోసం కుర్చీలు జరిపిన చప్పుడు.

నేను నేల మీద పడ్డ ముక్కలు ఏరుతున్నాను. హాలు గుమ్మంలో వంశీ భాస్కర్‌ను పిలిచి "అన్నా, ఈ డబ్బాలు స్క్రాప్‌ల వేయించు" అనడం వినపడింది. భాస్కర్ తల ఊపాడు. లోపలికి వచ్చి, నా వైపు చూడకుండా, డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని బయటికి పట్టుకుపోయాడు. కిటికీలోంచి చూశాను. స్క్రాప్ గది వెనక వైపు ఉంటుంది. ఆయన అటు పోలేదు. బైకు వెనక క్యారియరు మీద డబ్బాలు పెట్టి తాడుతో కట్టి, ముడి రెండుసార్లు లాగి చూశాడు. చినుకులు మొదలయ్యాయి. తన రెయిన్ కోటు తీసి వాటి మీద కప్పాడు. తర్వాత లోపలికి వచ్చి, జేబులోంచి బస్సుల తాళాలు తీసి ఆఫీసు బల్ల మీద పెట్టి, నా దగ్గరికి వచ్చాడు.

"పోదాం పా. తడుస్తయ్."

దారంతా ఆయన తడుస్తూనే నడిపాడు.

ఆ ఏడాది దసరా సెలవులు మాకు ముందే వచ్చాయి, సోమవారం నుంచి మేమిద్దరం ఆ స్కూలుకు పనికి పోలేదు. ఆ కాగితం మీద నేను ఎప్పటికీ సంతకం పెట్టలేదు. ఇద్దరు తల్లులు ఫోను చేసి బాధపడ్డారు. మిగతావాళ్లు చేయలేదు. పిల్లల మార్కులు ఎవరూ కలపలేదు. ఇప్పటికీ ఆ ముప్పై రెండు సున్నాలు వాళ్ల రికార్డులో అలాగే ఉన్నాయి. నవంబరులో మేం మిర్యాలగూడ వచ్చేశాం. భాస్కర్ ఇక్కడ ఒక రైసు మిల్లులో లారీల పని చూస్తున్నాడు. పొద్దున్నే పోతాడు, ఒళ్లంతా తవుడుతో వస్తాడు. కొన్ని నెలలు చాలా ఇబ్బంది పడ్డాం, ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం. నేను ముందు గదిలో ట్యూషను పెట్టాను. బళ్లో లెక్కలు అర్థంకాని పిల్లలు వస్తారు. అత్తమ్మ వాళ్లకు సోలలు, తవ్వలు ఇచ్చి వరండాలో కొలిపిస్తుంది, ఒలకబోస్తే తిడుతుంది.

కానీ కోదాడ విడవకముందు జరిగింది ఒకటి ఉంది. అది చెప్పాలి.

దసరా సెలవులు అయిన రెండో రోజు తిరుపతమ్మ ఫోను చేసింది. అప్పటికి ఆమె ఆ స్కూల్లో పని మానేసింది. "టీచర్, టీసీ ఇచ్చిండ్రు. గాని దాంతోని ఇంకొక కాగితం ఉన్నది. అది సదివి పిల్ల ఏడుస్తున్నది. అన్నం తింటలేదు."

వెళ్లి చూశాను. టీసీతో పాటు ఇచ్చిన రిపోర్టు. కింద వరుసలో, గణితంలో బలహీనం అని ఇంగ్లిషు అక్షరాల్లో అచ్చుపడి ఉంది. కొత్తగా చేరబోయే సర్కారు బడిలో ఇదే చూపించాలి. వెంటనే మళ్లీ చెప్పులేసుకున్నాను. ముగ్గురం స్కూలు ఆఫీసుకు వెళ్లాం.

మధు గారు నన్ను చూసి ఇబ్బందిగా కదిలాడు. "అది సిస్టమ్‌లో వచ్చేదండీ. మార్కులను బట్టి దానంతట అదే పడుతుంది. మనం రాసేది కాదు."

"కొట్టేసి పెన్నుతో రాయండి సార్."

"కుదరదు మేడమ్. ఆఫీసు ఒప్పుకోదు."

"అయితే కుదిరేదాకా కూసుంటం" అంది తిరుపతమ్మ. అన్నట్టే కూర్చుంది. ఆమె రోజూ తుడిచిన నేల మీద కాదు, విజిటర్లు కూర్చునే మెత్తటి కుర్చీలో. నేను పక్క కుర్చీలో కూర్చున్నాను. వర్షిణి లోపలికి రానంది. బయట గేటు దగ్గర నిలబడింది.

పదకొండయింది. భోజనాల బెల్లు కొట్టారు. క్లర్కు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లింది. కొత్త అడ్మిషను కోసం వచ్చిన ఒక జంట మమ్మల్ని చూసి, ఏమైందని క్లర్కును అడిగారు. ఆమె ఏదో చెప్పింది. తిరుపతమ్మ తనే మొదటి నుంచి చివరిదాకా వాళ్లకు చెప్పింది, ఏ భాగమూ వదలకుండా, గొంతు పెంచకుండా. మూడింటికి ఇంకో తండ్రి వచ్చాడు. ఆయనకూ చెప్పింది. నాలుగింటికి మధు గారు రిజిస్టరు మూసి, ఆ కాగితం తన ముందుకు లాక్కున్నాడు.

అచ్చుపడ్డ వరుస మీద గీత గీశాడు. ఇంగ్లిషులో రాయబోయాడు.

"తెలుగుల రాయుండ్రి సార్. ఇంగిలీషుల ఏం రాస్తరో నాకేం ఎరుక."

ఆయన తెలుగులో రాశాడు. చాలాకాలం తర్వాత రాస్తున్నట్టు అక్షరాలు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా పడ్డాయి. సంతకం పెట్టి, ముద్ర వేసి, కాగితం నా వైపు జరిపాడు. నేను చదవబోయాను. తిరుపతమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మీరు గాదు టీచర్. రాసింది సారు. సారునే సదువమనుండ్రి."

మధు గారు మా ఇద్దరినీ చూశాడు. ఆయన గొంతు సవరించుకుని చదివాడు.

"గణితంలో చురుకైన విద్యార్థిని. సమాన భిన్నాలు చక్కగా తెలుసు."

"ఇనబళ్లే సార్. బిడ్డ బయట ఉన్నది. దానికి గుడ ఇనబడాలె."

ఆయన కుర్చీలోంచి లేచాడు. తలుపు దగ్గరికి వెళ్లి, గేటు వైపు తిరిగి, ఒకప్పుడు కాలేజీలో వెనక బెంచీలకు వినపడేలా చెప్పిన గొంతుతో మళ్లీ చదివాడు. చదివి కాగితం తెచ్చి తిరుపతమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని వెంటనే మడవలేదు. సిరా పూర్తిగా ఆరేదాకా, అక్కడే నిలబడి, నెమ్మదిగా ఊదుతూనే ఉంది.